పొలమారినప్పుడల్లా

పంటు ఆగిపోయింది. రేవులో కట్టేసి ఆగడం కాదు, సఖినేటిపల్లి వైపు నుంచి బయల్దేరి వసిష్ఠ గోదావరిలో సగానికి పైగా వచ్చి, నీళ్లు తీసిన వేళ కదా, ఇసుక మేట మీద కూర్చుంది. నరసాపురం రేవులో నిలబడి చూస్తుంటే దాని మీద మోటారు సైకిళ్లు, గొడుగు వేసుకున్న ఒక పెద్దాయన, పసుపు టాపు ఆటో ఒకటి, అన్నీ కనిపిస్తున్నాయి. కనిపిస్తే ఏం లాభం? అది ఈ ఒడ్డుకు వస్తేనే కదా నేను ఆ ఒడ్డుకు వెళ్లేది. రెండో పంటు రిపేరులో ఉందట. టికెట్లు ఇచ్చే అతను, "పోటు తగిలిందంటే అదే లేత్తాదండి, ఎంతండీ, అయిదు నిమిషాలు" అన్నాడు. ఆ మాట ఎనిమిదిన్నరకు అన్నాడు. ఇప్పుడు తొమ్మిదికి పది తక్కువ. నూకరత్నం ఫోన్ చేసింది ఏడూ యాభైకి. "మేడం గారూ, మా దుర్గకి రాత్రి నించి జొరం అండి, ఊపిరి గురగురమంటంది, పెదాలు నల్లగా అయినియ్యి, మీరొకసారి వత్తారా అండి?" ఆసుపత్రికి తీసుకెళ్లండి, నేను వచ్చే లోపల బయల్దేరండి అన్నాను. ఊళ్లో ఎవరిదో వ్యాను పిలిచారట. మగవాళ్లు ఇద్దరు ఎత్తబోతే దుర్గ మంచం కిందికి దూరిపోయి మంచం కోడు పట్టుకుని అరిచిందట. "మీరొచ్చి చెయ్యి పట్టుకుంటే వత్తాదండి. మీరంటే నమ్మకం దానికి." నమ్మకం అంది.

చించినాడ వంతెన మీదుగా వెళ్లి ఉంటే? ఆటో మాట్లాడుకుని, పాలకొల్లు రోడ్డు ఎక్కి, వంతెన దాటి, రాజోలు తిరిగి కిందికి వస్తే గంటంపావు. పంటు మీద పది నిమిషాలు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ చుట్టూ తిరిగి వెళ్లరు. కళ్ల ముందు పంటు వస్తుంటే ఆటో ఎక్కేవాణ్ణి చూసి నవ్వుతారు. నేను వచ్చి పడేసరికి పంటు నదిలో ఉంది, వస్తోంది, ఇంజను చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంకేం అనుకున్నాను. అప్పుడే వంతెన దారి పట్టి ఉంటే ఈపాటికి వంతెన మీద ఉండేదాన్ని. ఇప్పుడు బయల్దేరితే, నేను పాలకొల్లు చేరే లోపల ఇది ఒడ్డుకు వచ్చేస్తుంది, తప్పకుండా వచ్చేస్తుంది, నాకు తెలుసు. ఇక్కడే నిలబడితే రాదు. అదీ తెలుసు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగాను, బాబాయ్, పడవ కడతారా అని. ఇంజను విప్పేసి ఉందమ్మా, అయినా పంటు వచ్చేత్తంది కదా, తొందరేంటి అన్నాడు. తొందరేంటి. ఆదివారం పూట గంజి చీర కట్టుకుని, చేతిలో బైబిలు బదులు స్టెతస్కోపు సంచి పట్టుకుని రేవులో నిలబడ్డ మనిషిని చూసి అడగాల్సిన ప్రశ్నే.

నా పేరు తబిత. రాజమండ్రిలో నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను, పిహెచ్‌డీ కోసం ఏడాదిగా నరసాపురంలో గది తీసుకుని ఈ పల్లెలన్నీ తిరుగుతున్నాను. నా పరిశోధన పేరు రెండు పంక్తులుంటుంది. మేధోవైకల్యం ఉన్నవారిని ఇంటి దగ్గర చూసుకునే కుటుంబాలకు నర్సు శిక్షణ ఇస్తే ఎంత మేలు జరుగుతుంది, అదీ సంగతి. పల్లెల్లో ఇదంతా ఎవరంటారు? "ఆ అమాయకపు పిల్లల సర్వే మేడం" అంటారు, నాకు నచ్చింది ఆ పేరు. మొత్తం అరవై కుటుంబాలు. ముప్పై కుటుంబాలకు శిక్షణ, ముప్పై కుటుంబాలకు ప్రశ్నలు మాత్రమే. మూడు నెలల తర్వాత రెండు వైపులా మళ్లీ అవే ప్రశ్నలు అడిగి తేడా చూడాలి. ఒకరికి చెప్పింది ఇంకొకరి చెవిన పడితే తేడా ఎక్కడుంటుంది? అందుకని నేనే ఒక తెలివైన ఏర్పాటు చేశాను. గోదావరికి ఇవతల ఒడ్డు వాళ్లకు శిక్షణ, అవతల ఒడ్డు వాళ్లకు ప్రశ్నలు. నది కంటే మంచి గోడ ఏముంది? మీటింగులో మ్యాపు మీద వేలు పెట్టి చూపించినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. చాలా నీట్‌గా ఉంది తబితా అన్నారు. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా ఇంటికి వెళ్లాను ఆ రోజు.

నూకరత్నం అవతల ఒడ్డు. అంతర్వేది దారిలో సముద్రానికి దగ్గర పల్లె, రెండు గదుల ఇల్లు, వాకిట్లో ఎండుచేపల తడిక. మొగుడు పల్లంరాజు బోటు మీద వేటకు వెళితే పది పదిహేను రోజులు రాడు. కూతురు దుర్గాశ్రీకి ఇరవై ఆరేళ్లు. మాటలు నాలుగైదు వచ్చు, అమ్మ, చేప, పో, ఇంకా ఏవో. నడుస్తుంది, నవ్వుతుంది, కొత్తవాళ్లను చూస్తే తలుపు వెనక్కి వెళ్లిపోతుంది. నన్ను చూసీ మొదట అలాగే వెళ్లింది. చేతులకు శానిటైజరు రాసుకుంటుంటే తలుపు వెనక నుంచి ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, తన అరచెయ్యి చాపింది. ఒక్క చుక్క వేశాను. రెండు చేతులూ రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్లీ చెయ్యి చాపింది. అంతే, స్నేహం కుదిరిపోయింది. నేను ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. నా ప్రశ్నలకు నూకరత్నం నవ్వు ఆపుకోలేకపోయింది. గత నెల రోజుల్లో నిద్ర చాలడం లేదని ఎన్నిసార్లు అనిపించింది, ఒకటి నుంచి అయిదు లోపల ఒక అంకె చెప్పండి అంటే, "ఆ అయిదింట్లో మీకేది పనికొత్తే అది రాసుకోండమ్మా, దానికేముంది" అంది. నేనూ నవ్వాను. నాలుగు అని రాసుకున్నాను.

అప్పుడు అన్నం వేళ అయింది. ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు తల విదిలించుకున్నా పోవడం లేదు. నూకరత్నం గోడకు చేరబడి రెండు కాళ్లూ బారజాపింది. దుర్గ అలవాటుగా వచ్చి, తల్లి మోకాళ్ల మీద తల పెట్టి, వెల్లకిలా పడుకుంది. మన ఇళ్లలో పసిపిల్లలకు ఉగ్గు పట్టేది అలాగే కదా. పాలు తాగే నాటి నుంచీ అలా కాళ్ల మీద వేసుకునే పట్టింది నూకరత్నం, ఎప్పుడు మానాలో ఎవరూ చెప్పలేదు, పిల్ల ఎప్పుడూ పెద్దదవలేదు, మానలేదు. కాళ్లు మాత్రం మడమల దాకా ఆ ఇరవై ఆరేళ్ల మనిషి బరువుతో వణుకుతున్నాయి. చేపల పులుసు కలిపిన అన్నం. ముల్లు తీయడం చూడాలి, బొటనవేలితో ఒక్కసారి రాస్తుంది, ముళ్లన్నీ పక్కకు వచ్చేస్తాయి, ఇన్నేళ్లలో ఒక్క ముల్లు కూడా పిల్ల గొంతులోకి పోలేదని గర్వంగా చెప్పింది. ముద్ద నోట్లో పెట్టగానే దుర్గకు పొలమారింది. దగ్గు. కళ్లల్లో నీళ్లు. నూకరత్నం గబగబా మాడు మీద తట్టి, "ఆళ్ల నాన్న తలుచుకుంటన్నాడండి బోటు మీద" అంది. మళ్లీ ముద్ద. మళ్లీ దగ్గు. "సూశారా, ఇయ్యాల పదేపదే తలుచుకుంటన్నాడు." దుర్గ కూడా దగ్గుతూనే నవ్వింది, నాన్న అన్న మాట అర్థమవుతుంది దానికి. ప్రతి పూటా ఇంతేనా అని అడిగాను. "ప్రతి పూటాను. కూతురంటే పేనం ఆయనకి." ఆ తల్లీ కూతుళ్ల ముఖాల్లో ఉన్న సంతోషం చూస్తూ నేను అక్కడే కూర్చున్నాను.

నాకు తెలుసు. పొలమారిన ప్రతిసారీ ఇంత అన్నం, ఇంత పులుసు గాలిగొట్టంలోకి జారుతుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుంది, చేరి చేరి ఒక రోజు న్యుమోనియా అవుతుంది. నా శిక్షణలో రెండో పాఠం అదే. బొమ్మలు గీయించాను, కూర్చోబెట్టి తినిపించడం ఒక బొమ్మ, పడుకోబెట్టి తినిపించడం దాని మీద ఎర్ర గీత. ఆ బొమ్మలు ఆ రోజు నా సంచిలో ఉన్నాయి. జిప్పు కూడా తీశాను. తీసి, పెన్ను తీసుకుని, మళ్లీ వేశాను. ఇవతల ఒడ్డున మొగల్తూరు దగ్గర ఒక కుర్రాడు అచ్చం ఇలాగే దగ్గేవాడు, వాళ్లమ్మకు బొమ్మ చూపించాక పదిహేను రోజులకు దగ్గు తగ్గిపోయింది, ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నేను నోటుపుస్తకంలో "గణనీయమైన మెరుగుదల" అని రాసుకుని కింద గీత గీశాను. తెలియక ఊరుకుంటే అదొక రకం. పని చేస్తుందని కళ్లారా చూసి ఊరుకున్నాను. అవతల ఒడ్డున అప్పటికే ఇద్దరు తల్లులు మాకొద్దీ ప్రశ్నలు అని మానుకున్నారు. ముప్పైకి ఇరవై ఎనిమిది మిగిలాయి. ఒకరికి పాఠం చెబితే ఆ ఇల్లు లెక్కలోంచి తీసేయాలి, ఇరవై ఏడు అవుతాయి. మూడు నెలలే కదా, ఇన్నేళ్లుగా దగ్గుతూనే ఉంది కదా, మూడు నెలలు అయ్యాక అందరికీ చెబుతాను కదా. ఇన్ని కదాలు ఒక్క నిమిషంలో ఎలా దొరికాయో నాకు.

చర్చి గంట మోగుతోంది. ఈపాటికి మొదటి పాట అయిపోయి ఉంటుంది. నేను కూర్చునే బెంచీలో నా చోటు ఖాళీగా ఉంటుంది. ప్రభువా, పోటు రానీ. చిన్నపిల్లలా ఏం ప్రార్థన ఇది, పోటు ఎప్పుడు రావాలో అప్పుడు వస్తుంది, నాకోసం ముందు వస్తుందా? అయినా అంటూనే ఉన్నాను. మా నాయనమ్మ కూడా నన్ను కాళ్ల మీదే వేసుకుని ఉగ్గు పట్టేదట, ఆముదం వాసన, ఆవిడ పిక్కల మీద ఎముక గట్టిగా తగలడం నాకు గుర్తున్నట్టే ఉంటుంది, గుర్తుండే వయసు కాదు గనక అది నేను తర్వాత నా తమ్ముణ్ణి చూసి అనుకున్నదై ఉంటుంది. పొలమారితే నా మాడు మీద కూడా తట్టి ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను అనేది. నర్సింగ్ చదివాక కూడా, ఇప్పటికీ, గదిలో అన్నం తింటూ దగ్గితే ఎవరబ్బా అని ఒక్క క్షణం వెతుక్కుంటాను. అంత తీయటి మాటను కాదని చెప్పడానికి మనసొప్పలేదేమో ఆ రోజు. లేదు తబితా, ఇప్పుడు దీన్ని కూడా సాకు చేసుకోకు. అది మనసొప్పకపోవడం కాదు. ఇరవై ఏడు అవుతాయని.

సువార్తమ్మ ఫోను మళ్లీ మోగి మోగి ఆగిపోయింది. నూకరత్నానికి ఫోను లేదు, పక్కింటి సువార్తమ్మ ఫోనులోంచి మాట్లాడింది. ఆవిడా ఇప్పుడు చర్చిలో ఉండి ఉంటుంది, ఫోను సైలెంటులో. తొమ్మిదో సారి చేశాను. ఎవరూ ఎత్తకపోతే చెయ్యి ఊరుకోదు కదా, మా గైడు సత్యవాణి గారికి చేశాను. ఆదివారం పూట ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో అనుకున్నాను, విసుక్కోలేదు. నేను చెప్పిందంతా విన్నారు.

"ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఎవరికైనా వెంటనే చెప్పొచ్చని మనమే రాసుకున్నాం కదమ్మా," అన్నారు. "ఆరో పేజీలో. నువ్వే టైపు చేశావు. చెప్పలేదా?"

లేదండీ అన్నాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే కోపం వస్తుంది, కోపం వస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. "సరేమ్మా, ముందు పాపను చూడు, డేటా సంగతి తర్వాత" అని పెట్టేశారు. అంటే నన్నెవరూ ఆపలేదు. రూలు ఆపలేదు, గైడు ఆపలేదు, నది కూడా ఆపలేదు, నది మీద ఆ రోజు పంటు చక్కగా తిరిగింది. దగ్గు ప్రమాదం కిందకు రాదులే అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆ తీర్పు ఇచ్చింది ఎవరో అన్నట్టు మూడు నెలలు తిరిగాను. పోయిన నెల ఇంకోసారి వెళ్లాను కూడా. దుర్గ పరుగెత్తుకుంటూ వచ్చి అరచెయ్యి చాపింది. చిక్కిపోయింది, ఛాతీలో చిన్న చప్పుడు ఉంది, స్టెతస్కోపు పెట్టకుండానే వినిపించింది, అందుకే పెట్టలేదు. లేచి వస్తుంటే నూకరత్నం గుమ్మం దాకా వచ్చి, "ఇన్ని అడిగారు కదండీ, మాకేమన్నా సెప్పేది ఉందాండి?" అంది. వచ్చే నెల అక్కా, వచ్చే నెల అన్నీ చెబుతాను అన్నాను. "ఆయ్, అలాగేనండి" అంది. అంత మర్యాదగా అంది. వచ్చే నెల అంటే ఎల్లుండి మంగళవారం. ఎల్లుండి నేను ప్రశ్నలు అడగడానికి వెళ్లాలి, అడిగాక సంచిలోంచి బొమ్మలు తీయాలి. రెండు రోజులు.

అవతల ఒడ్డు నుంచి చిన్న పడవ ఒకటి పంటు దగ్గరకు వచ్చింది. గొడుగు పెద్దాయన, ఇంకో నలుగురు దిగి అందులో ఎక్కారు. ఇటు వస్తుందేమోనని మెట్లన్నీ దిగి నీళ్ల దాకా వెళ్లాను, చీర కుచ్చిళ్లు తడిశాయి. అది తిరిగి సఖినేటిపల్లి వైపే వెళ్లిపోయింది. చెయ్యి ఊపాను, అరిచాను, అంత దూరం ఏం వినిపిస్తుంది? ఆటో మాత్రం అలాగే ఉంది. ఎవరో పాపం పెళ్లికో దేనికో వెళ్తుంటారు, లోపల కూర్చుని ఉడికిపోతుంటారు అనుకున్నాను. తొమ్మిదింబావు. అనుకోవడమే గానీ ఆటో వంక చూసింది తక్కువ, నా చూపంతా దాని వెనక, ఆ ఒడ్డు మీద, కొబ్బరిచెట్ల వెనక, ఇక్కడి నుంచి కనిపించని ఆ రెండు గదుల ఇంటి మీద. మంచం కింద పడుకుని ఉంటుంది. కోడు పట్టుకుని ఉంటుంది. నేను వెళ్లగానే ఒక చుక్క శానిటైజరు వేస్తాను, చెయ్యి పట్టుకుంటుంది, లేపి కూర్చోబెడతాను, వెన్ను నిటారుగా పెట్టి గోడకు ఆనిస్తాను, ఊపిరి కాస్త తేలిక పడుతుంది, అప్పుడు ఆటో, అప్పుడు పంటు, అప్పుడు ఆసుపత్రి. ఈ వరస మనసులో ఎన్నిసార్లు నడిపానో. ప్రతిసారీ పంటు దగ్గరకు వచ్చి ఆగిపోతున్నాను.

పోటు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే తెలిసింది, మెట్టు మీద నా పాదాల కింది నుంచి నీళ్లు పైకి వచ్చాయి. పంటు ఒకసారి ఊగి, ఇంజను మోగి, కదిలింది. తొమ్మిదిన్నర అయింది అది రేవుకు తగిలేసరికి. మోటారు సైకిళ్లు దిగుతున్నాయి, వాటి మధ్యలోంచి నేను ఎదురెక్కుతున్నాను, దిగనివ్వండమ్మా అని ఎవరో కసురుకున్నారు. పసుపు టాపు ఆటో పక్కనుంచి దూరుతుంటే లోపలి నుంచి "మేడం గారూ" అని వినపడింది.

వెనక సీటులో నూకరత్నం. కాళ్లు అడ్డంగా ముందు సీటు మీదికి చాపి, వాటి మీద దుర్గను వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉంది. దుర్గ కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి పీలుస్తుంటే మెడ కింద గుంటలు పడుతున్నాయి. "మీరొచ్చేదాకా ఉండలేకపోయానండి. సొమ్మసిల్లినట్టయింది, అప్పుడు ఎత్తేశాం, అరవలేదు," అంది నూకరత్నం. "మజ్జిలో పడవొచ్చింది గానీ, ఎక్కిద్దామంటే దడుసుకుని గింజుకుంది. సరే ఇందులోనే ఉన్నాం." గంటసేపు. నా కళ్ల ముందు. చేతిలో స్టీలు గ్లాసు, చెంచా. దుర్గ గడ్డం, మెడ, జాకెట్టు అంతా తడి. "నాలిక పిడసకట్టుకుపోతందండి, అందుకని సెంచాతో నీళ్లు పోత్తానే ఉన్నాను, పొలమారినా మానలేదండి."

గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకున్నాను. లాక్కున్నానేమో. ఆటోలోకి ఎక్కి దుర్గ చంకల కింద చేతులు వేసి పైకి లేపాను, ఇంత తేలికైపోయిందేంటి ఈ పిల్ల, నా గుండెకు ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టాను. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాను. డెబ్భై తొమ్మిది. పోనివ్వండి, ఆసుపత్రికి, ఆగకుండా పోనివ్వండి అని డ్రైవరుకు చెప్పాను. ఆటో రేవు ఎత్తు ఎక్కుతోంది. నూకరత్నం భయంగా నా ముఖంలోకి చూస్తోంది, ఏదో చెప్పమన్నట్టు. చెప్పాను. అక్కా, పడుకోబెట్టి ఏదీ పట్టకూడదు. నీళ్లు కూడా. ఇలా నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి వంచాలి. చిన్న ముద్ద పెట్టి, మింగిందని చూసుకుని, అప్పుడు ఇంకోటి. దగ్గితే ఆపెయ్యాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. గబగబా చెప్పేశాను, స్టీమర్ రోడ్డు మలుపు రాకముందే పాఠం అయిపోయింది.

నూకరత్నం విన్నది. చెయ్యి చాపి, కూతురి గడ్డాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కొంచెం కిందికి వంచి, ఇలాగేనా అన్నట్టు నా వంక చూసింది. తల ఊపాను.

"ఇంతేనాండీ?" అంది.